పొడుగింటి అత్తగారు

పొడుగింట్లో ఎవరు ఏం రాసినా, అది బయటికి వెళ్ళే ముందు అత్తగారి చూపు పడాలి. అది అక్కడి చట్టం. ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ, రాసిపెట్టిన చట్టాలకంటే గట్టిగా నడిచింది.

పొడుగిల్లంటే నిజంగా ఇల్లు కాదు. విశ్వవిద్యాలయం వెనక, రైలు పట్టాల వైపు, ఒకప్పుడు విత్తనాల బస్తాలు దాచిన గోదాము. చదివేవాళ్ళు ఎక్కువై గదులు తక్కువైన కాలంలో, పెద్ద భవనాల్లో చోటు దొరకని పరిశోధకులందర్నీ తెచ్చి అందులో కుమ్మరించారు. చెక్క పలకలు అడ్డం నిలబెట్టి ఇవే గదులన్నారు. ఒక పలకకి అవతల, ఇసుక ఎలా జారుతుందో చూస్తూ కూర్చునే భౌతికశాస్త్రం మాస్టారు. ఇవతల, నాటకశాలలు కొన్ని ఎందుకు నిలబడతాయో కొన్ని ఎందుకు మూతపడతాయో ఆలోచించే అర్థశాస్త్రం ఆవిడ. ఆ పక్కన గాజు పెట్టెల్లో మొక్కల వేళ్ళు పెంచే ఆయన. చివరి గదిలో పాత వాయిద్యాల మీది అరుగుదల చూసి, వాటిని ఎలాంటి చేతులు వాయించాయో చెప్పే ఆవిడ. ఒకరు తుమ్మితే నలుగురి కలాలూ ఆగేవి. కుళాయి ఒకటే, టీ కాచుకునే బల్ల ఒకటే. అందుకని ఎవరి శాస్త్రం ఎంత గొప్పదైనా గ్లాసు మాత్రం వంతు ప్రకారం కడగాల్సిందే.

అత్తగారి చదువు మొదలైంది మొక్కలాయన వల్ల. వేళ్ళన్నీ ఎడమవైపుకే వంగుతున్నాయనీ, అందులో ఏదో మహత్తర రహస్యం ఉందనీ ఆయన ఒక పెద్ద వ్యాసం రాశాడు. పంపేముందు మురిసిపోతూ టీ బల్ల మీద పెట్టాడు. వాయిద్యాలావిడ టీ తాగుతూ ఊసుపోక చదివింది. చదివి, "అంతా సరేగానీ అన్నయ్యా, ఈ నేల సమంగా ఉందా? నా గదిలో పెన్సిలు పెడితే దొర్లిపోతుంది" అంది. నీళ్ళు నిలవకుండా గోదాము నేలని ఒక పక్కకి వాలుగా కట్టారని అప్పుడు బయటపడింది. మొక్కలాయన మొహం మాడిపోయింది. తప్పులెన్నడానికి ఇంట్లో అత్తగారున్నారు చాలదా, ఇక్కడ కూడా ఒకరా అని విసుక్కుని వెళ్ళిపోయాడు. పెట్టెల కింద చెక్క చీలికలు పెట్టి, సమం చేసి, మళ్ళీ అన్ని మొక్కలూ మొలిపించి, మళ్ళీ రాసి, ఈసారి తనే వెళ్ళి ఆవిడ తలుపు తట్టాడు. "అత్తగారూ, ఇది కూడా ఒకసారి చూద్దురూ" అన్నాడు.

అప్పటినుంచి చదివి తప్పు పట్టేవాళ్ళు అత్త, రాసినవాళ్ళు కోడలు. మీసాలున్నాయా లేవా అన్న విచక్షణ లేదు. షరతు ఒకటే. అత్తకి ఆ శాస్త్రం రాకూడదు. శాస్త్రం వచ్చినవాళ్ళు వాళ్ళ వాళ్ళ తప్పుల్ని చూసి చూసి అలవాటుపడిపోతారు. రానివాళ్ళకే ముల్లు ముల్లులా కనబడుతుంది. ఇంకొకటి, "బాగుంది" అన్న మాట నిషిద్ధం. బాగుంది అంటే చదవలేదని అర్థం. అత్తకి ఇక అడగడానికేమీ మిగలకపోతే "ఇంకేం లేదు, ఫో" అనేవాళ్ళు. ఆ "ఫో" కోసం జనం నెలలు కాచుకున్నారు. ఎవరికైనా ఒళ్ళు మండినా పైకి అనేవాళ్ళు కాదు. అత్తా ఒకింటి కోడలే గదా, రేపు ఆవిడ కాగితాలూ మన చేతికి రాకపోతాయా అన్న ధైర్యం.

అర్థశాస్త్రం ఆవిడ్ని అందరూ నాటకాలమ్మ అనేవారు. ఆవిడకి అత్తగారు ఇసుక మాస్టారు. ఆయనకి ఆవిడ అత్తగారు. వయసులో ఆయన పదేళ్ళు పెద్ద. గుబురు మీసాలు, పెద్ద గొంతు. ఆవిడ చేరిన కొత్తలో మొట్టమొదటి వ్యాసం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. నాటకాలకి వచ్చేవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువని దాని సారం. హాలు బయట ప్రశ్నల కాగితాలు పంచి, నింపినవి ఏరుకుని రాసింది. ఆయన తిరగేసి, "ఏమోయ్ కోడలా, ఆ కాగితం చదవడం రానివాడు దాన్నేం చేశాడు? వేరుశనగలు పొట్లం కట్టుకుని పోయుంటాడు. వాణ్ణి లెక్కేశావా?" అన్నారు. ఆవిడ ఆ రోజు కుళాయి దగ్గర మొహం కడుక్కునే నెపంతో చాలాసేపు నిలబడింది.

కానీ ఆ ఏడే వానాకాలంలో ఆయన వ్యాసం ఆవిడ చేతికి వచ్చింది. ఇసుక అప్పుడప్పుడూ అర్థంలేకుండా మొండికేసి జారడం మానేస్తుందనీ, దానికో కొత్త సిద్ధాంతం కావాలనీ రాశారు. చెల్లుకి చెల్లు అనుకుంది నాటకాలమ్మ. "మాస్టారూ, మా వంటింట్లో ఉప్పు కూడా వానల్లో మొండికేస్తుంది. దానిక్కూడా సిద్ధాంతం రాద్దామా?" అంది. ఆయన ఇసుక సీసా ఎండలో పెట్టడానికి ఎండ కోసం రెండు నెలలు ఎదురుచూశారు. అప్పుడు కుదిరింది ఇద్దరికీ. ఇక ముప్పై ఏళ్ళపాటు ఆవిడ రాసిన ఒక్క పేజీ కూడా ఆయన తిట్టకుండా బయటికి వెళ్ళలేదు.

ఇప్పుడు పొడుగింట్లో విరిగిన కుర్చీలు పెడుతున్నారు. ఒక్కో శాస్త్రానికి ఒక్కో భవనం కట్టించారు. అద్దాల గోడలు, చల్లటి గాలి, మెడలో కార్డు తాకిస్తే తెరుచుకునే తలుపులు. ఆ కార్డు ఎవరి భవనానికి వాళ్ళదే. మొక్కలాయన కాలం చేశాడు. వాయిద్యాలావిడ కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయింది. మాస్టారు ఉద్యోగం విరమించి కూతురింట్లో ఉంటున్నారు. నాటకాలమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడ కొలువుకీ ఈ వేసవితో ఆఖరు.

ఆఖరుగా ఒక పుస్తకం రాసింది. జీవితమంతా తిరిగి చూసిన నాటకశాలల సారమంతా అందులో పోసింది. దానికి ఆయువుపట్టు ఆరో అధ్యాయం. నాటకం ముగిసి తెర పడ్డాక హాలు ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుందో ఆవిడ ఎన్నో ఊళ్ళలో, ఎన్నో ఏళ్ళు గుమ్మం దగ్గర నిలబడి కొలిచింది. వచ్చిన జనం ఎంతమందో చూసి దానికి తగ్గట్టు సరిచేసింది కూడా. నిదానంగా ఖాళీ అయ్యే హాళ్ళే పది కాలాలపాటు నిలిచాయి. చప్పున ఖాళీ అయ్యేవి చప్పున మూతపడ్డాయి. జనానికి ఆ చోటు మీద మమకారం ఉంటే కాళ్ళు కదలవు. ఆ మమకారమే శాలని బతికిస్తుంది. ఇదీ ఆవిడ తేల్చింది. రాసినప్పుడు కళ్ళు చెమర్చాయి. టీ బల్ల దగ్గర గ్లాసులు ఖాళీ అయినా కదలకుండా నిలబడిపోయిన మనుషులు గుర్తొచ్చారు.

విశ్వవిద్యాలయం అచ్చుకార్యాలయం వాళ్ళు కొలువులో ఉన్నవాళ్ళ పుస్తకాలే వేస్తారు. సోమవారం ఇవ్వకపోతే ఈ విడతలో చోటు ఉండదు. వచ్చే విడతకి ఆవిడ కొలువులో ఉండదు. పుస్తకం సిద్ధంగానే ఉంది. లేనిదల్లా అత్తగారే.

వెతకలేదా అంటే వెతికింది. రసాయనశాస్త్రం భవనం గేటు దగ్గర కాపలాదారుణ్ణి బతిమాలి లోపలికి వెళ్ళి, ఒక కుర్ర ఆచార్యుడికి ఆరో అధ్యాయం ఇచ్చింది. అతను మర్నాడే తిరిగిచ్చి, చాలా బాగుంది మేడమ్ అన్నాడు. ఏది బాగుంది నాయనా అంటే, మొత్తం అన్నాడు. కాగితాలకి తను పెట్టిన క్లిప్పు పెట్టినట్టే ఉంది. కంప్యూటర్ల భవనంలో అమ్మాయి మరీ మంచిది. అంతా యంత్రంలో వేసి చదివించి పెట్టింది. ఆ యంత్రం పుస్తకాన్ని ఎంత పొగిడిందంటే నాటకాలమ్మకి తన పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. అప్పుడూ ఇలాగే, వద్దనుకున్నవాళ్ళే ఎక్కువ పొగిడారు.

శనివారం ఉదయం కాగితాలు సంచిలో వేసుకుని బస్సెక్కింది.

మాస్టారి కూతురు పళ్ళ డాక్టరు. కింద ఆసుపత్రి, పైన ఇల్లు. బెంచీల మీద దవడలు పట్టుకుని జనం కూర్చున్నారు. లోపల్నుంచి పళ్ళు తొలిచే మర సన్నగా కూస్తోంది. కూతురు చేతి తొడుగులు తీసేస్తూ బయటికొచ్చి, మెట్ల మీదే నాటకాలమ్మని ఆపింది. చిన్నప్పుడు పొడుగింట్లో బల్ల కింద బొమ్మలేసుకున్న పిల్ల.

"పైకెళ్ళే ముందు ఒక మాట పిన్నీ," అంది గొంతు తగ్గించి. "నాన్న మంచివాడైపోయాడు. అదే భయంగా ఉంది."

ఏమైందని అడిగితే చెప్పింది. రెండేళ్ళ కిందట కొత్త భవనంలో ఏదో సభకి పెద్దమనిషిగా పిలిచారట. ఒక కుర్రాడు మాట్లాడాక ఈయన అలవాటుకొద్దీ లేచి, పొడుగింట్లో అత్త అడిగినట్టు అడిగారట. కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడు. రెండు రోజులకి అక్కడి పెద్ద ఫోను చేసి, మీరు తప్పకుండా వస్తూండాలి సార్, ఆశీర్వదిస్తూండాలి, ప్రశ్నలు మాత్రం పిల్లలకి వదిలేద్దాం అని ఎంతో మర్యాదగా చెప్పాడట. ఆ రోజునుంచి ఈయన ఏదడిగినా బాగుంది అంటున్నారట. కూర మాడినా బాగుందే, పేపర్లో వార్తా బాగుందే. అమ్మ పోయినప్పుడు కూడా ఇలా లేరంది. చెప్పి, కళ్ళు తుడుచుకోకుండానే కొత్త తొడుగులు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాటకాలమ్మ మెట్లెక్కింది. ఇన్నాళ్ళూ ఫోను చేసినప్పుడల్లా ఆయన బాగున్నానమ్మా, బాగుందమ్మా అంటూంటే వయసు మీద పడి మెత్తబడ్డారనుకుంది. వచ్చి చూడాలని అనుకుంటూనే ఉంది. అనుకోవడానికేం, అనుకున్నవన్నీ చేసిన మనిషి ఎవరు?

మాస్టారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. మీసాలు తెల్లబడి పలచబడ్డాయి. ఇస్త్రీ చొక్కా. ఆవిణ్ణి చూడగానే లేవబోయారు. అదే ఆవిడకి మొదటి దెబ్బ. ముప్పై ఏళ్ళలో ఆవిడ వస్తే ఆయన ఎన్నడూ లేవలేదు. కూర్చున్నచోటినుంచే చెయ్యి చాచి, తే ఆ చెత్త అనేవారు.

సన్నటి అక్షరాలు ఆనడం లేదన్నారు. తను చదివి వినిపిస్తానంది. సంగతంతా చెప్పింది, సోమవారం గడువుతో సహా. ఆయన శ్రద్ధగా తలూపారు. ఆరో అధ్యాయం చదవడం మొదలుపెట్టింది. చదువుతూ మధ్యమధ్య ఆగింది, అడ్డం వస్తారేమోనని. రాలేదు. పూర్వం ఆయన ఎక్కడెక్కడ గర్జించేవారో ఆ చోట్లన్నీ ఆవిడకి తెలుసు. అక్కడ కావాలని గొంతు సాగదీసింది. కింద మర కూసి ఆగింది. ఎవరో పుక్కిలించారు. అధ్యాయం అయిపోయింది.

"బాగుందమ్మా," అన్నారు మాస్టారు.

ఆవిడ కాగితాలు ఒళ్ళో సర్దుకుంది. అత్తగారు పోయినట్టే అనిపించింది. మనిషి ఎదురుగా ఉన్నాడు, టీ తాగుతున్నాడు, అయినా పోయినట్టే. ఈ మాటకోసమైతే బస్సెక్కక్కర్లేదు. ఆ యంత్రం ఇంకా నాలుగు వాక్యాలు ఎక్కువే చెప్పింది. ఏదైనా లోపముంటే చెప్పండి మాస్టారూ అంది. లోపమేముందమ్మా, చక్కగా ఉంది, నీ కష్టం కనబడుతోంది అన్నారు. ఆ అమ్మా అన్న పిలుపు చెప్పులో రాయిలా గుచ్చుకుంది. లేచి వెళ్ళిపోదామనుకుంది. సోమవారం ఇచ్చేస్తే సరి. తప్పు లేదేమో కూడా. ఉన్నా ఈ రోజుల్లో పట్టేవాడెవడు?

లేవబోతూ ఆయన చేతులు చూసింది. ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉన్నారు, ఫోటో తీయించుకునేవాడిలా. ఆవిడకి ఒక్కసారి ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఆ ఫోను చేసినవాడి మీద. మళ్ళీ కూర్చుంది. కాగితం ఒకటి పైకి తీసి, అందులో లేని వాక్యం ఒకటి, ఉన్నట్టే, నిదానంగా చదివింది.

"'పై మాటకి భౌతికశాస్త్రం కూడా సాక్ష్యం పలుకుతుంది. సీసాలో ఇసుక ఎంత ఎత్తు ఉంటే కింది కన్నంలోంచి అంత వేగంగా జారుతుందని మనకందరికీ తెలుసు. అలాగే హాల్లో జనం...'"

మాస్టారు కదిలారు.

ఆవిడ తల ఎత్తలేదు. "'...హాల్లో జనం ఎక్కువైన కొద్దీ ఆ ఒత్తిడికి అంత వేగంగా బయటికి ప్రవహిస్తారు. ఈ సంగతి ప్రసిద్ధ ఇసుక శాస్త్రవేత్తలొకరు...'"

"ఎవడు వాడు?" అన్నారు మాస్టారు.

"ఎవరైతేనేం మాస్టారూ. బాగుందా?"

"నీళ్ళనుకున్నావా అది? ఇసుక!" మీసం అదిరింది. "ముప్పై ఏళ్ళు నా పక్క గదిలో కూచుని, నా టీ తాగి, నా సీసాల చప్పుడు వింటూ పెరిగి, ఇదా నువ్వు నేర్చుకున్నది? పైన ఎంతుంటే ఏం, కొండంత పోసుకో. రేణువు రేణువు మీద ఆనుకుంటుంది, గోడ మీద ఆనుకుంటుంది, పై బరువు కిందికి దిగదు. కన్నం ఎంతుంటే అంత జారుతుంది. దానికి తెలిసింది కన్నం ఒక్కటే. ఏమోయ్ కోడలా, తలకాయ బస్సులో పెట్టి దిగావా?"

నాటకాలమ్మ కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు. చేప గాలానికి తగులుకుంది. ఇక లాగడమే తరువాయి. పోనీ ఇసుక సంగతి వదిలేయండి, జనం ఇసుక కాదుగా, జనానికి మనసుంటుంది, అంది.

"మనసు హాల్లో ఉంటుంది. గుమ్మం దగ్గరికొచ్చేసరికి జనమూ ఇసుకే," అన్నారాయన. కుర్చీ ముందుకి జరిగారు. "రెండు భుజాలు పట్టే గుమ్మంలో నాలుగు భుజాలు పడతాయా? వెనకవాడు ఎంత తోసినా గుమ్మం ఎంత ఉంటే అంతే..."

మాట మధ్యలో ఆగిపోయారు. ఆగి, కిటికీ వైపు చూశారు. నాటకాలమ్మకి ఆ చూపు తెలుసు. ఆ చూపు తర్వాత ఎన్నిసార్లు కుళాయి దగ్గరికి పరిగెత్తిందో ఆవిడకే తెలుసు.

"ఉండు," అన్నారు. "నిదానంగా ఖాళీ అయ్యే హాళ్ళన్నావే, అవి పాతవా?"

"పాతవే. నిలిచాయి కాబట్టే గదా పాతవయ్యాయి."

"వాటి గుమ్మాలు ఎంతెంత?"

ఆవిడ గుమ్మాల లెక్క కోసం కాగితాలు తిరగేసింది.

"జనాన్ని లెక్కేశావు. నిమిషాలు లెక్కేశావు. గుమ్మం కొలిచావా?"

కొలవలేదు. ముప్పై ఏళ్ళు ఆ గుమ్మాల్లో నిలబడింది. గుమ్మం మటుకు కొలవలేదు. ఒక్కొక్క హాలూ కళ్ళముందు తిరిగింది. ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైన ఆ పాత శాల, ధాన్యం గిడ్డంగిని మార్చి కట్టింది, దాని గుమ్మంలోంచి సంచితో వెళ్ళాలంటే పక్కకి తిరిగి వెళ్ళాలి. తనే ఎన్నిసార్లు తిరగలేదు? మరొకటి, మెట్ల కింద గుమ్మం, పొడుగువాళ్ళు తల వంచాల్సిందే. కొత్తగా కట్టినవాటికి మంటల భయంతో రెండేసి రెక్కల వెడల్పు తలుపులు పెట్టమని చట్టం వచ్చింది. వాటికి అద్దెలూ ఎక్కువ, కరెంటు ఖర్చూ ఎక్కువ, మూతపడ్డాయి. పాత గిడ్డంగులకి అద్దె లేదు, నిలిచాయి. ఇరుకు గుమ్మాలు కాబట్టి జనం నిదానంగా బయటపడ్డారు. మమకారమని తను రాసిందంతా ఒకరి వీపు వెనక ఒకరు నిలబడి ముందువాడు ఎప్పుడు కదులుతాడా అని ఎదురుచూడటమేనేమో.

మొదట ఇసుక సంగతి చెప్పినవాడు ఈయనే. తను చేరిన కొత్తలోనే చెప్పారు, సీసా తిరగేసి మరీ చూపించారు. వంటింటి ఉప్పు గుర్తున్న మనిషికి హాళ్ళు కొలిచేటప్పుడు ఇది గుర్తు రాలేదు. గుర్తు రావాలనుకోలేదు. వెర్రిదానిలా నటించబోయి వాక్యం అల్లితే అదే తన మెడకి చుట్టుకుంది.

కింద మర ఆగింది. పైన అరుపులు విని బెంచీల మీది జనం గుసగుసలాడుతున్నారు. ఏదో ఆస్తి తగాదాలా ఉంది పాపం అని ఎవరో అనడం, కాదు, మా నాన్నకి నయమైంది అని డాక్టరమ్మ చెప్పడం మెట్లమీదుగా పైకి వినిపించింది.

"మాస్టారూ," అంది నాటకాలమ్మ. "పొడుగింటికి ఒకటే గుమ్మం. అదీ ఇరుకే. మీ గాజు గొట్టాలు తెస్తే మేమంతా కుళాయి దాకా వెనక్కి జరిగేవాళ్ళం."

"జరిగేవాళ్ళు. తిట్టుకుంటూ."

"అయితే మనం కూడా అంతేనా? ఇరుకై ఆగామా?"

అది పుస్తకం కోసం అడిగిన ప్రశ్న కాదు. ఆయనకీ అది తెలిసింది. మీసం నిమురుకున్నారు. ఓదార్చే మనిషైతే ఆ క్షణంలో ఏదో ఒక మంచి మాట అనేవాడు. ఉదయం ఈయనా అనేవారే.

"నాకేం తెలుసు? కొలిచినవాడెవడు?" అన్నారు. "వెడల్పు గుమ్మం ఉండి కూడా జనం కదలని హాలు ఒక్కటైనా ఉందా నీ దగ్గర? ఉంటే చెప్పు. ఒప్పుకుంటాను. లేకపోతే పో, వెతుకు. నీకు కావలసింది నా నోట చెప్పించుకుని పోదామనా?"

ఆవిడ తన హాళ్ళన్నీ మనసులో ఒక్కొక్కటే తిరగేసింది. సముద్రం ఒడ్డున ఒకటుంది, అక్కడ తలుపులే లేవు, మూడు వైపులా తెరిచే ఉంటుంది. అక్కడ కొలిచిన నిమిషాలు ఏమయ్యాయో చూడాలి. అవి తక్కిన వాటితో కలవలేదని పక్కన పెట్టిన గుర్తు. ఎక్కువా తక్కువా అన్నది మటుకు గుర్తు లేదు. ఎక్కువే అయి ఉండాలని గుండె కొట్టుకుంది. ఆ కొట్టుకోవడాన్నే నమ్మకూడదని ఇప్పుడే కదా తేలింది, అనుకుంది.

వసారాలోకి వెళ్ళి అచ్చుకార్యాలయం పెద్దకి ఫోను చేసింది. సోమవారం ఇవ్వలేనని చెప్పింది. ఆయన మంచివాడే. ఒక్క అధ్యాయం కోసం పుస్తకం వదులుకుంటారా, ఎవరు చూస్తారు మేడమ్, అలాగే ఇచ్చేయండి అన్నాడు. ఇవ్వనంది. ఈ విడత పోతే మా చేతిలో ఉండదు, ఉద్యోగం విరమించినవాళ్ళవి వెయ్యరు, తర్వాత నన్ను అనుకోవద్దు అన్నాడు. అనుకోనంది. ఫోను పెట్టేశాక పిట్టగోడ పట్టుకుంది. కిందనుంచి ఒకడు దవడకి గుడ్డ పెట్టుకుని వెళ్తూ తల ఎత్తి చూశాడు, ఆస్తి ఎవరికి దక్కిందో తెలుసుకుందామన్నట్టు.

ఇంత కష్టం ఊరికే పోయిందన్న బాధ ఉంది. లేదంటే అబద్ధం. అయితే ఆ బాధ ఎక్కడో ఎరిగిన బాధలా ఉంది. పాత ఇంటి వాసనలాగా, తడిసిన చెక్క పలకల వాసనలాగా. కుళాయి దగ్గర నిలబడి మొహం కడుక్కున్న వయసు మళ్ళీ వచ్చినట్టుంది.

లోపలికి వచ్చేసరికి మాస్టారు కాగితాల కట్ట మొత్తం తన ఒళ్ళోకి లాక్కున్నారు. కళ్ళకి ఆనని అక్షరాల మీద వేలు పెట్టి జరుపుతున్నారు. ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచారు.

"ఆరో అధ్యాయమే ఇలా తగలడితే మొదటివి ఎలా ఏడ్చాయో," అన్నారు. "కూచో. మొదటినుంచీ చదువు."

"మాస్టారూ, అన్నం వేళయింది. సాయంత్రం దాకా పడుతుంది."

"నీకు సోమవారం తొందరేం లేదుగా ఇప్పుడు?"

లేదు. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. కళ్ళజోడు తుడుచుకుంది. గొంతు సవరించుకుని, ఎన్నోసార్లు దిద్ది దిద్ది తనకి కంఠతా వచ్చేసిన మొదటి వాక్యం మొదలుపెట్టింది. నాటకశాల అనేది ప్రతి ఊళ్ళోనూ, అంది, వాక్యం ఇంకా పూర్తికాలేదు.

"ఆగు," అన్నారు మాస్టారు. "ప్రతి ఊళ్ళోనూనా?"